పురుగును చంపేముందు చదవాలి

వానలు మొదలయ్యాయంటే మా దుమ్ముగూడెం మండలంలో ఏ ఊరికి వెళ్ళినా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి జ్వరం, రెండోది పురుగు. ఒకవైపు గోదావరి, మరోవైపు అడవి, మధ్యలో వాగులు, వరి మడులు, పత్తి, మిరప చేలు. దోమకు గాని, పంటను తినే పురుగుకు గాని ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? ఈ రెండింటికీ మనవాళ్ళు చెప్పే విరుగుడు ఒక్కటే: "మందు కొట్టండి!" చంపవలసిన పురుగును గురించి చదవడం దేనికని చాలామంది అడుగుతారు. పురుగు సంగతి తెలియకుండా కొట్టిన మందు తరచు వృథా అవుతుందని, ఒక్కోసారి మనకే ఎదురు తిరుగుతుందని నా అభిప్రాయం. ఎందుకో చూడండి.

ముందు దోమ సంగతి. మలేరియాకూ దోమకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టిన పరిశోధన మన సికింద్రాబాదులోనే జరిగింది. 1895లో అక్కడికి వచ్చిన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ రెండేళ్ళపాటు దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. ఫలితం దొరకలేదు. ఎందుకంటే ఆయన చూస్తూ వచ్చినవి మనుషుల మలేరియాను మోయని జాతుల దోమలు. చివరకు 1897 ఆగస్టు 20న, రెక్కల మీద మచ్చలున్న వేరొక రకం దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. అదే అనాఫిలిస్ దోమ. మలేరియాపై చేసిన కృషికి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది. ఉత్త "దోమ" అంటే చాలదు, ఏ దోమ అన్నదే అసలు ప్రశ్న అని దీనివల్ల తెలుస్తోంది గదా!

ఆ ప్రశ్న ఈనాటికీ ముఖ్యమైనదే. అనాఫిలిస్ దోమల్లో ఒక జాతి కొండవాగుల అంచున మెల్లగా పారే నీటిలో గుడ్లు పెడుతుంది. మరొక జాతి కుంటల్లో, వరి మడుల్లో పెడుతుంది. ఇవి రాత్రివేళ కుడతాయి కనుక దోమతెర మనల్ని కాపాడుతుంది. డెంగీని మోసే ఈడిస్ దోమ పగలే కుడుతుంది. ఇంట్లోని నీళ్ళ తొట్టి, పాత టైరు, కొబ్బరి చిప్ప దాని నివాసాలు. బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమకు మురుగునీరు ఇష్టం. మరి మురుగుకాలువలో మందు చల్లి, ఇంట్లో తొట్టిని వదిలేస్తే డెంగీ ఆగుతుందా? ఈడిస్ గుడ్డు దోమగా మారడానికి ఇంచుమించు 8 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే తొట్టిని వారానికొకసారి ఖాళీ చేయమంటారు. దాని గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి చావవు. అందుకే గోడలను తోమమని కూడా చెబుతారు. జీవితచక్రం తెలిసినవాడికి ఈ రెండు పనులూ ఎందుకో ఇట్టే అర్థమవుతాయి.

మందునే నమ్ముకుంటే ఏమవుతుందో మన దేశం ఒకసారి చూసింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, ఇళ్ళలో డి.డి.టి. చల్లారు. 1965 నాటికి కేసులు ఏడాదికి లక్షకు దిగాయి. కాని 1976లో అవి 64 లక్షలకు పెరిగాయి! ఇందుకు కారణాలు పలు ఉన్నాయి. డి.డి.టి.ని తట్టుకోగల దోమలు బతికి, వాటి సంతతి పెరగడం వాటిలో ఒకటి.

పొలంలోనూ ఇదే కథ. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలపై పొగాకు లద్దె పురుగు విరుచుకుపడింది. రైతులు అప్పు తెచ్చి మందు మీద మందు కొట్టారు. పురుగు తగ్గలేదు. అప్పులు పెరిగి, పలువురు ప్రాణాలు తీసుకున్నారు. అంతకంటే విషాదం ఏముంటుంది?

మా జిల్లాలోనే, పాల్వంచ దగ్గరి పునుకుల రైతులు వేరే దారి పట్టారు. 2000 తర్వాతి కొద్ది సంవత్సరాల్లోనే ఆ ఊరు రసాయనిక పురుగుమందులను వదిలేసింది. వేసవిలో లోతుగా దున్నితే నేలలో దాగిన ప్యూపాలు బయటపడి ఎండకు, పక్షులకు బలవుతాయి. పత్తి చుట్టూ ఆముదం వేస్తే లద్దె పురుగు తల్లి దాని ఆకుల మీదనే గుంపుగా గుడ్లు పెడుతుంది. ఆ ఆకులు తుంచి పారేస్తే చాలు. లింగాకర్షక బుట్టలు మగ రెక్కల పురుగులను పట్టిస్తాయి. పైగా వేపగింజల కషాయం ఉండనే ఉంది. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకు? అయితే గోరు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే పురుగు ఎప్పుడు ఎక్కడ ఉంటుందో తెలియాలి.

శత్రువులు కూడా కొత్తవి వస్తుంటాయి. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదటిసారి గుర్తించిన నల్ల తామర పురుగు, 2021లో గుంటూరు, ఖమ్మం మిరప రైతులను నిలువునా ముంచింది. అది పూలలో దాగి రసం పీలుస్తుంది. తెలియక విచ్చలవిడిగా మందు కొడితే దాన్ని తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులే ముందు చస్తాయి.

మందులు అసలే వద్దని నేననడం లేదు. దోమతెరకు పట్టించేదీ మందే. కాని ఏ మందు, ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నది పురుగును చదివాకే తేలాలి.

మనమేమో కీటక జీవితచక్రాన్ని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుని, దాన్ని మరిచిపోతాం. ఇది మారాలి. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక కీటకాల నోటుపుస్తకం ఉండాలి. తొట్టిలో లార్వా నీటి ఉపరితలానికి సమాంతరంగా తేలుతోందా? అయితే అనాఫిలిస్. తల కిందికి వాల్చి వేలాడుతోందా? అది క్యూలెక్స్ గాని, ఈడిస్ గాని. పత్తి ఆకు కింద గుడ్లు ఏ వారంలో కనిపించాయి? అక్షింతల పురుగులు ఎన్ని ఉన్నాయి? తేదీతో సహా రాయండి. మందు కొట్టిన చేలోకి మాత్రం వెళ్ళకండి. మీరు రాసినది ఆశా కార్యకర్తకు, వ్యవసాయ విస్తరణ అధికారికి చూపండి. నాలుగేళ్ళు ఇలా రాస్తే, ఏ నెలలో ఏ శత్రువు వస్తుందో మీ ఊరికి ముందుగా చెప్పగలిగేది మీరే.