కంచె లోపలి ప్లానుతో బట్టమేక రాదు

మా గడివేముల మండలం పక్కనే మిడుతూరు మండలంలో రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. అరణ్యమంటే చెట్లనుకుని వచ్చేవాళ్లు ఉసూరుమంటారు. ఉన్నది గడ్డి, రాళ్లు, బయలు. ఆ పిట్టకు కావాల్సింది కూడా అదే. పోతుపిట్ట పది కిలోలు దాటి తూగుతుంది. చుట్టూ దూరం దాకా చూపు ఆనాలి. వానాకాలంలో, గూడంటూ లేకుండా, వట్టి నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. మిడతల కోసం, గింజల కోసం మా చేలల్లోకి వచ్చేది. హద్దురాళ్లు మనుషులకే.

కాపాడే పనిలో మొదట గొర్రెలను బయటికి తోలారు. మేత ఆగాక గడ్డి పిట్ట చూపుకు అడ్డమయ్యేంత పెరిగింది. కృష్ణజింకలు మాత్రం బాగా పెరిగాయి. అటు అలగనూరు జలాశయం వచ్చింది, కాలువ నీళ్లొచ్చాయి. జొన్న, కొర్ర వేసే చేలల్లో పత్తి, మిరప దిగాయి. నీళ్లొస్తే ఏ రైతైనా అదే చేస్తాడు, నేనూ చేశాను. బట్టమేక మాత్రం కనబడకుండా పోయింది. దేశం మొత్తంలో ఇప్పుడు నూట యాభైకి మించి ఉండవంటున్నారు.

పిట్టే లేనప్పుడు అభయారణ్యాన్ని కాపాడే ప్లానెందుకని మా వాళ్లే అడుగుతారు. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు ఆ గడ్డిలోనే రాత్రి తలదాచుకుంటాయి. పగలు అవి పట్టేది మా చేలల్లోని మిడతలనే. తోడేళ్లున్నాయి. జింకల సంగతి చెప్పక్కర్లేదు. శనగ మొలక రెండాకులు వేసిందో లేదో, తెల్లారేసరికి సాలు సాలంతా కొరికేసి ఉంటుంది. పాత చీరలు చుట్టూ కడతాం, డబ్బాలు మోగిస్తాం. రాష్ట్ర జంతువు గనక చెయ్యి చేసుకోలేం, చేసుకోకూడదు కూడా. మరి నష్టపరిహారం మళ్లీ విత్తనం కొనేలోపు చేతికి రావాలి కదా?

కాబట్టి ప్లాను కంచె బయట మొదలవ్వాలి. పిట్ట గుడ్లు పెట్టే కాలం పోయాక వంతులవారీగా గొర్రెలను లోపలికి రానివ్వాలి. ఏ బీడులో ఎన్ని రోజులో కాపరులనే అడగాలి. చుట్టుపక్కల ఊళ్లలో జొన్న, కొర్ర వేసేవాళ్లకు గిట్టుబాటు ధర ఇవ్వాలి.

మా మండలంలోని గని గ్రామంలో, పక్కనే శకునాలలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. కరెంటు వద్దనే మూర్ఖుణ్ని కాను. కానీ గడ్డినేల కనబడితే చాలు, బంజరు అని రాసేసుకునే అలవాటు పోవాలి. బట్టమేకకు ఎదురుగా చూపు తక్కువ, ఎగిరేటప్పుడు హైటెన్షన్ తీగ కనబడేసరికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. రాజస్థాన్, గుజరాత్ తీగల మీద 2021లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది ఆ సంగతి మీదే. ఇక్కడ కొత్త లైను గీసేముందు రోళ్లపాడు ఎంత దూరమో చూడటం అంత కష్టమా?

ప్లాను మీటింగ్ నంద్యాలలో ఏసీ గదిలో వద్దు, రోళ్లపాడులోనే పెట్టండి. అదీ శనగ విత్తకముందే. విత్తాక మాకు తీరదు, రాత్రుళ్లు జింకల కాపలాలో ఉంటాం.