పంచాయతీ ట్యాంకరే మన ఫైరింజన్ కావాలి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రజలారా!

ఈ ఎండాకాలం మా దగ్గరి గూడెంలో మూడిళ్లు కాలిపోయాయి. మధ్యాహ్నం పూట, పెద్దవాళ్లంతా తునికాకుకు పోయిన సమయం. 101కు ఫోన్ కలిసింది, ఫైరింజన్ బయలుదేరింది కూడా. అది చేరేసరికి వాసాలు కూలిపోయాయి. రేటు పెరిగితే అమ్ముదామని ఇంట్లో పోసుకున్న పత్తి లోపల్లోపల రాజుకుంటూనే ఉంది. ఫైరింజన్ కంటే ముందే పంచాయతీ ట్రాక్టర్ నిండు ట్యాంకర్‌తో వచ్చి నిలబడింది. హరితహారంలో నాటిన మొక్కలకు నీళ్లు పట్టే సన్న పైపు తప్ప దానికి ఇంకేమీ లేదు. ఇళ్లు పది గజాల దూరంలో కాలుతుంటే జనం ఆ పైపు కింద బకెట్లు పెట్టి, నిండేదాకా ఆగి, మోసుకెళ్లి చల్లారు.

ఫైర్ సిబ్బందిని ఎవరూ తిట్టవద్దు. వాళ్లు వచ్చారు, ప్రాణాలకు తెగించి పనిచేశారు. తప్పంతా స్టేషన్లు ఎక్కడ పెట్టాలో తేల్చే లెక్కది.

నియోజకవర్గానికో ఫైర్ స్టేషన్ అంటున్నారు. పాత ఆదిలాబాద్ విస్తీర్ణం 16,128 చదరపు కిలోమీటర్లు, నియోజకవర్గాలు 10. ఆ లెక్కన ఒక్కో స్టేషన్ వంతు సుమారు 1,600 చదరపు కిలోమీటర్లు. స్టేషన్ సరిగ్గా నడిమధ్య ఉన్నా, రోడ్డు తాడు లాగినట్టు తిన్నగా ఉన్నా, అంచు ఊరు 22 కిలోమీటర్ల దూరం. పల్లెకు 20 నిమిషాల్లో చేరాలన్నది దేశంలో స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కమిటీ పెట్టిన ప్రమాణం. 4,500 లీటర్ల నీళ్లు మోసే బండి గంటకు 40 కిలోమీటర్లు పోయినా 20 నిమిషాల్లో దాటేది 13 కిలోమీటర్లే. ఆ అవతల ఉన్నవాళ్లు బూడిద చూపించడానికే ఫోన్ చేస్తున్నారు! కెరమెరి ఘాట్ ఎక్కాల్సిన బండికి ఏ లెక్కా పనిచేయదు. 2022లో అందవెల్లి దగ్గర పెద్దవాగు వంతెన కూలినప్పుడు కాగజ్‌నగర్, దహెగాం మధ్య దారి ఏమైందో ఆ వైపు వాళ్లను అడగండి.

కరీంనగర్ వైపు రోడ్లు మెరుగు. అయినా వరి కోతల తర్వాత కొయ్యకాళ్లకు పెట్టిన నిప్పు గడ్డివాములకు పాకడానికి, జమ్మికుంటలో పత్తి అంటుకోవడానికి, సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు బుగ్గి కావడానికి ఎంతసేపు కావాలి?

పక్కన ఏర్పాట్లు లేక కాదు. రామగుండం ఎన్టీపీసీకి ప్రత్యేకంగా ఫైర్ విభాగం ఉంది. సింగరేణికి సొంత రెస్క్యూ స్టేషన్లు ఉన్నాయి. హైదరాబాద్‌కు 2024 జూలైలో విపత్తుల్లో ఆదుకునే సంస్థ హైడ్రా వచ్చింది, దాని హద్దు ఔటర్ రింగ్ రోడ్డు. ఆ నగరంలో మంటలు చెలరేగి భోయిగూడలో 11 మంది వలస కూలీలు, రూబీ హోటల్లో 8 మంది, స్వప్నలోక్‌లో 6 మంది చనిపోయినప్పుడల్లా సెల్లార్ల తనిఖీలన్నారు, నోటీసులన్నారు. అవి జరగాల్సిందే. మరి సెల్లారే లేని గూడేనికి ఏం తనిఖీ చేస్తారు? 2016 అక్టోబర్ 11న మన జిల్లాలను ముక్కలు చేసి పాలన గడప దాకా వస్తుందన్నారు. కలెక్టర్ వచ్చారు, ఎస్పీ వచ్చారు. నీళ్ల గొట్టం రాలేదు.

రాజ్యాంగంలోనే మనకు అన్యాయం జరిగింది. పట్టణాల కోసం పెట్టిన 12వ షెడ్యూల్‌లో అగ్నిమాపక సేవ ఉంది. పంచాయతీల కోసం పెట్టిన 11వ షెడ్యూల్‌లో 29 అంశాలున్నాయి, ఇది లేదు. పల్లె కాలితే అడిగే నాథుడు లేకపోవడం అక్కడే మొదలైంది.

ఇది చక్కదిద్దలేనిదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మీద బాంబులు పడుతుంటే పక్క ఊరి ఫైరింజన్ గొట్టం ఈ ఊరి నీళ్ల కుళాయికి పట్టలేదు. 1941లో ఊరూరి దళాలను, స్వచ్ఛందంగా చేరిన పౌరులను కలిపి జాతీయ అగ్నిమాపక దళం చేశారు. బాంబులు పడే రోజుల్లో వాళ్లకు సాధ్యమైన పని మనకెందుకు కాదు?

పల్లె ప్రగతిలో ప్రతి పంచాయతీకి ట్రాక్టర్, ట్యాంకర్ ఇచ్చారు. దానికి ఒక ఆయిల్ ఇంజన్ పంపు, వంద అడుగుల గొట్టం, నాజిల్ బిగించండి. మిషన్ భగీరథ ట్యాంకు కింద ఫైరింజన్‌కు సరిపోయే వాల్వు పెట్టండి. అన్నిటికీ ఒకే కొలత బిగింపు ఉండాలి. ఊరికి పదిమంది యువతీ యువకులకు ఫైర్ స్టేషన్‌లో శిక్షణ, గౌరవ వేతనం, బీమా ఇవ్వండి. ఇక కొత్త స్టేషన్లను నియోజకవర్గం హద్దు చూసి కాదు, 20 నిమిషాల దూరం కొలిచి పెట్టండి.

డబ్బు లేదనే మాట చెల్లదు. అగ్నిమాపక సేవల విస్తరణకే 15వ ఆర్థిక సంఘం 5,000 కోట్లు కేటాయించింది, 2023లో కేంద్రం పథకం మొదలుపెట్టింది. మామూలు జనం ప్రమాదంలో పడతారంటారు. ఇప్పుడు బకెట్లతో మంటల్లోకి పోతున్నది మామూలు జనం కాదా?

వచ్చే గ్రామసభలో ఈ కోరికలను తీర్మానం చేయండి. సర్పంచ్, కార్యదర్శి సంతకాలతో ఒక కాపీ ఎంపీడీవోకు, ఒకటి జిల్లా ఫైర్ అధికారికి ఇవ్వండి. మూడోది సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ చేతికే ఇవ్వండి. రసీదు తీసుకోకుండా వెనక్కి రావద్దు.