లాఠీ కంటే ముందు మాట

బాగేపల్లి సంతలోనో, చింతామణి బస్టాండులోనో ఒకాయన కేకలు వేస్తూ రాయి పట్టుకుంటాడు. జనం మూగుతారు. ఎవరో 112కు ఫోన్ కొడతారు. వచ్చిన కానిస్టేబులు మొదటి నిమిషంలో అనే మాట మీదే మిగతా కథ ఆధారపడుతుంది. ‘ఏయ్, జీపెక్కు’ అంటే ఒక దారి. ‘కూకోప్పా, ఏమైందో మెల్లగా చెప్పు’ అంటే ఇంకో దారి.

ఈ రెండో దారి నేర్పితేనే వస్తుంది. అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో మానసిక రోగి ఒకరిని పోలీసులు కాల్చి చంపారు. మరుసటి ఏడాది అక్కడ ప్రత్యేక పోలీసు బృందం ఏర్పడింది. ఆ పద్ధతిలో 40 గంటల శిక్షణ ఇస్తారు. దూరంగా నిలబడటం, గొంతు తగ్గించడం, తొందరపెట్టకుండా వినడం అందులో ముఖ్యం.

మనకు చట్టం కొదవలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, రోడ్డున తిరిగే రోగిని రక్షణలోకి తీసుకున్నాక లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఇంట్లోవాళ్లు టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనూ సలహా అడగొచ్చు.

మన జిల్లాలో ఇంకో చిక్కుంది. ఠాణాలో రాత కన్నడం, ఎన్నో పల్లెల్లో మాట తెలుగు. మామూలుగా కన్నడం బాగా మాట్లాడేవాళ్లకు కూడా కోపంలో, ఏడుపులో నోటికొచ్చేది అమ్మ నేర్పిన మాటే. బయటి జిల్లా పోలీసుకు అది తిట్టులా వినబడితే? ఇది కన్నడానికి పోటీ కాదు. ప్రాణం నిలిపే నాలుగు తెలుగు ముక్కలు నేర్పమని అడగడమే.

‘రాయి పట్టుకున్నోడికి నీతులా?’ అని కొందరంటారు. నిజమే, పోలీసూ మనిషే, అతనికీ దెబ్బ తగులుతుంది. అందుకే ఈ శిక్షణ అతనికీ రక్ష.

అయితే శాంతపరచడమంటే రాజీ చేసి పంపడం కాదు. 1938 ఏప్రిల్ 25న విదురాశ్వత్థంలో జెండా పట్టిన జనంపై పోలీసు తూటాలు పేలాయి. 2000 మార్చి 11న కంబాలపల్లిలో ఏడుగురు దళితులు సజీవ దహనమయ్యారు. అక్కడ బలం మితిమీరితే, ఇక్కడ ఆ ఏడుగురికి రక్షణే దొరకలేదు. బలహీనుడి ఫిర్యాదు విని, కేసు రాసుకుని, పగ రాజుకోకముందే ఊళ్లోకి వెళ్లడమూ ఈ విద్యలో భాగమే.

చిక్కబళ్లాపురం పోలీసు పెద్దలు ఒక్కో ఠాణా నుంచి ఇద్దరిని ఎంపిక చేసి, బెంగళూరు నిమ్హాన్స్ వైద్యుల సాయంతో ఈ శిక్షణ మొదలుపెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరికైనా తెలుగు వచ్చి ఉండాలి. లాఠీ ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. మాటకూ ఒక అవకాశం ఇవ్వండి.