చిన్న వర్తకునకు పొలిమేరల సంకెల

పటాన్‌చెరు నుండి సంగారెడ్డికి పోవు 65వ జాతీయ రహదారిపై రుద్రారము కలదు. గణేశగడ్డ వినాయకుని దేవళమునకు పేరుగన్న ఈ గ్రామము గడచిన అర్ధశతాబ్దములో కర్మాగారముల నడుమ చిక్కుకొన్నది. విద్యుత్పరికరముల పరిశ్రమ వచ్చినది. 2009లో గీతం విశ్వవిద్యాలయపు ప్రాంగణము వెలసినది. తొలితరము వారు ఇచటికి కూలికిని, జీతమునకును వచ్చిరి. నేడు విద్యార్థిదశలో నున్న యువకులు పలువురు జీతముకొరకు గాక, స్వంత వర్తకముకొరకు ఆలోచించుచున్నారు. అందు మిక్కిలి సులభమని వారికి తోచునది, బొమ్మలు ముద్రించిన టీషర్టులను అంతర్జాలము మూలమున అమ్ముట. ఈ ఉత్సాహమును మేము హర్షించుచున్నాము. కాని ఉత్సాహము వేరు, లెక్క వేరు. చట్టము ఈ రెంటికంటెను వేరు.

ఈ వర్తకమునకు దుకాణము అక్కరలేదు. సరకు నిలువయు అక్కరలేదు. కోరిక అందిన తరువాతనే చొక్కాపై బొమ్మ ముద్రించి పంపు ముద్రాపకులు కలరు. చొక్కా మాత్రము సాధారణముగా తమిళనాడులోని తిరుప్పూరునుండి వచ్చును. తిరుప్పూరు మనకు పరాయిది గాదు; దాని శ్రమను మేము గౌరవింతుము. అయినను పత్తి విస్తారముగా పండించు తెలంగాణమునకు ఒక సాదా అల్లికచొక్కా వేరొక రాష్ట్రమునుండి రావలసివచ్చుట ఆలోచింపదగిన విషయము. వరంగల్లు చెంత 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ వస్త్రపరిశ్రమవాటిక పెద్ద ఎగుమతిదారులతోపాటు పది, ఇరువది చొక్కాలు కోరు చిన్నవానికి గూడ సరకు ఇయ్యగలిగిననాడే దాని ప్రయోజనము సంపూర్ణమగును.

ఇక లెక్క. ఉదాహరణకు ఒక టీషర్టును 499 రూపాయలకు అమ్మినట్లు తలంతము. సాదా చొక్కాకు 170, ముద్రణకు 70, సంచికి 10, రవాణాకు 70, ప్రకటనకు 80 రూపాయలు వ్యయమనుకొన్నచో మొత్తము 400 అగును. 2025 సెప్టెంబరు 22 నుండి 2,500 రూపాయలకు మించని దుస్తులపై జీఎస్టీ నూటికి 5 చొప్పున నున్నది. ఈ వెలలో నది 24 రూపాయలకు దగ్గర. కడకు మిగులునది 75 రూపాయలు. ముడిసరకుపై తిరిగివచ్చు పన్నును ఇందు లెక్కింపలేదు. కొనినవాడు సరకు అందినపుడు సొమ్మిచ్చెదనని చెప్పి, తీరా తలుపు తీయనిచో, పోవుటకు 70, వచ్చుటకు 70, ప్రకటనకు 80, సంచికి 10, వెరసి 230 రూపాయలు నీటిపాలు. అనగా ఒక్క తిరుగుచొక్కా మూడు అమ్మకముల లాభమును మ్రింగును. నలుగురిలో నొకడు వెనుకకు పంపినచో వర్తకుడు నెలంతయు ఊరక శ్రమించినవాడగును. అప్పు తెచ్చి ప్రకటనలపై కుమ్మరించుటకు ముందు ప్రతి యువకుడును ఈ గుణకారము స్వయముగా చేసికొనవలెను.

లెక్క సరిచూచుకొన్నవానికి తరువాత ఎదురగునది చట్టము. తెలంగాణములో ఏటికి 20 లక్షల రూపాయలకు మించని సరకు అమ్మువాడు జీఎస్టీ నమోదు పొందనక్కరలేదు. 2023 అక్టోబరు 1 నుండి అట్టివాడు ఒక గుర్తింపు సంఖ్య మాత్రము పొంది, అంతర్జాలపు అంగళ్ళలోగూడ అమ్మవచ్చును. ఇది మంచి సంస్కరణమే. కాని దానికొక పొలిమేర గలదు: సరకు రాష్ట్రము దాటరాదు. రుద్రారమునుండి ఇదే రహదారిపై జహీరాబాదునకు చొక్కా పంపినవానికి నమోదు లేదు. ఇంకను కొంతదూరము సాగి బీదరునకు పంపినచో, ఒకే చొక్కా యైనను, నమోదు తప్పదు. అంతర్జాలములో అంగడి పెట్టినవానికి కొనువాడు బీదరువాడో, బెజవాడవాడో ముందుగా నెట్లు తెలియును? తెలుగువారే యైనను ఆంధ్రప్రదేశమువారికి అమ్ముటకు ఇతడు నమోదితుడు కావలసినదే.

ఇంతకంటె వింతయైన సంగతి యొకటి కలదు. 20 లక్షల లోపున సేవలు చేయువారికి 2017 అక్టోబరునుండియే ఈ పొలిమేర తొలగింపబడినది. కావున చొక్కాపై వేయదగిన బొమ్మను గీసి బెంగుళూరునకు అమ్మిన విద్యార్థికి నమోదు అక్కరలేదు. ఆ బొమ్మనే చొక్కాపై ముద్రించి బెంగుళూరునకు పంపిన వానికి కావలెను. హస్తకళా వస్తువులకుగూడ మినహాయింపు కలదు. చిన్న వస్త్రవర్తకుడు మాత్రము చేసిన అపరాధమేమి?

పన్ను సరకు వాడబడు రాష్ట్రమునకు చెందవలెననియు, నమోదు లేనిచో ఆ సరకు జాడ తెలియదనియు ప్రభుత్వపక్షమువారు చెప్పుదురు. నమోదునకు రుసుము లేదు. 2025 నవంబరు 1 నుండి స్వల్పపన్ను చెల్లించువారికి మూడు పనిదినములలో నమోదు లభించు ఏర్పాటుగూడ వచ్చినది. ఈ వాదమును మేము త్రోసివేయుట లేదు. కాని భారము నమోదులో లేదు, తదుపరి పత్రములలో నున్నది. అమ్మకము సున్నయైనను పత్రము దాఖలుచేయవలెను. ఆలస్యమైనచో దినమునకు 20 రూపాయల రుసుము. పరీక్షలకై రెండు నెలలు అంగడి మూసిన విద్యార్థికి ఇది చిన్న దెబ్బ కాదు. అంతర్జాలపు అంగడివారు తమ చేతిమీదుగా సాగు ప్రతి అమ్మకమునకు లెక్క చూపుచునే యున్నారు. సరకు ఏ రాష్ట్రమునకు పోయినదో వారికి తెలియును. ఆ లెక్కనే ఆధారముగా గొని, సేవలకు ఇచ్చిన వెసులుబాటును చిన్న వర్తకుని సరకునకుగూడ ఈయవలసినదని జీఎస్టీ మండలిని మేము కోరుచున్నాము. తెలంగాణ ప్రభుత్వము ఈ కోరికను మండలిలో ప్రతిపాదించుట సమంజసము.

అంగడి ఎవరిదను ప్రశ్నగూడ నున్నది. 2018లో అమెరికాదేశపు వాల్‌మార్టు ఫ్లిప్‌కార్టులో అధికభాగమును కొన్నది. అమెజాను మొదలే విదేశీయము. విదేశీ మూలధనముగల అంగడి తన అధీనములోని సంస్థల సరకును తన వేదికపై అమ్మరాదని 2019 ఫిబ్రవరి 1 నుండి నిబంధన యున్నది. కొందరు వర్తకులను పక్షపాతముతో జూచుచున్నారను ఆరోపణపై పోటీ వ్యవహారముల సంఘము 2020 జనవరిలో విచారణకు ఆజ్ఞాపించినది. రుద్రారపు యువకుడు ఇట్టి అంగళ్ళలో అద్దెకున్నవాడే. ఏ చొక్కా ముందువరుసలో కనబడవలెనో నిర్ణయించువాడు అతడు కాడు. 1905లో స్వదేశీ యుద్యమము విదేశీవస్త్రమును గూర్చి ప్రశ్నించినది. నేడు వస్త్రము స్వదేశీయమే, సంతపైన పెత్తనము పరదేశీయము. 2021 డిసెంబరులో స్థాపితమైన ఓఎన్‌డీసీ ఈ పెత్తనమును సడలించుటకే పుట్టినది. దానిని వాడుకొను విధమును కళాశాలలు విద్యార్థులకు బోధింపవలెను.

చొక్కాపై ఏమి ముద్రింపవలెనన్నదియు చిన్న విషయము గాదు. సినిమానటుని ముఖము ముద్రించినచో వెంటనే అమ్ముడగునని పలువురు నమ్ముదురు. 2025 సెప్టెంబరులో నాగార్జునకు ఢిల్లీ హైకోర్టును, చిరంజీవికి హైదరాబాదు సిటీ సివిల్ న్యాయస్థానమును రక్షణనిచ్చుచు, వారి పేరును, రూపమును అనుమతి లేక వాణిజ్యమునకు వాడరాదని ఉత్తరువులిచ్చినవి. పరుల ముఖముపై కట్టిన వ్యాపారము ఒక నోటీసుతో కూలును. మన అక్షరముల వంపులు, మంజీరా తీరము, చేర్యాల నకాషీ చిత్రకారులకు తగిన ప్రతిఫలమిచ్చి గీయించుకొన్న బొమ్మలు, ఇవి యుండగా అరువు ముఖములేల?

ఈ ప్రాంతమువారికి మరియొక హెచ్చరిక అవసరము లేకున్నను చెప్పవలసియున్నది. పటాన్‌చెరు కాలుష్యముపై వ్యాజ్యము 1990లోనే సుప్రీంకోర్టునకు చేరినది. ఇచటి శుద్ధికేంద్రమునుండి వెడలు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్ససిన్ మందు కలదని 2007లో స్వీడను పరిశోధకులు ప్రకటించిరి. తిరుప్పూరులోను రంగునీటి కారణముననే 2011లో అద్దకపు కర్మాగారములు మూతపడినవి. ముద్రణశాల చిన్నదైనను, రంగు కడిగిన నీటిని కాలువలో వదలుట ఈ ఊరివారు చేయదగిన పని కాదు.

మా సలహా సంగ్రహముగా నిది. ముందు ఏబది చొక్కాలు జంటనగరములలోను, సంగారెడ్డి జిల్లాలోను అమ్మి అనుభవము గడింపుడు. వాపసు షరతులను స్పష్టముగా తెలుపుడు. కొనువాని వేషము వేసి తమ సరకును తామే పొగడుకొనుట 2020 నాటి వినియోగదారుల నియమములు నిషేధించినవి. అట్టి పనికి పూనకుడు. ప్రభుత్వము తన వంతుగా పొలిమేర నిబంధనను సడలించినచో, రుద్రారపు యువకునకు బీదరును బెజవాడయు జహీరాబాదువలెనే దగ్గరి యూళ్ళగును. దేశమంతయు ఒకే విపణియని 2017లో చాటిన చట్టము, ఆ మాటను అట్టడుగునున్న వర్తకునియెడలగూడ చెల్లించుకొనవలసియున్నది.