దాహం తీరని జీపు

కిందటివారం ఒక పాఠకుడు బజారులో నన్ను ఆపి, “ఏమండీ, మా జీపు నీళ్లు తెగ తాగేస్తోంది. హెడ్డు గాస్కెట్ మారిస్తే సరిపోతుందంటారా?” అని అడిగాడు. సరిపోవచ్చు, సరిపోకపోనూ వచ్చు అన్నాను. ఆయనకు నా జవాబు బొత్తిగా నచ్చినట్టు లేదు. నడిబజారులో ఎండలో నిలబడి అంతకంటె చెప్పడం నా తరం కాలేదు. మిగిలింది ఇక్కడ చెబుతాను.

1979 వేసవి మాట. మా పెద్దమ్మగారి అల్లుడు, నాకు వరసకి బావ, శృంగవరపుకోట నుంచి అరకు వెళ్లే ఘాట్‌రోడ్డు మీద జీపు నడిపేవాడు. సర్కారు వేలంలో కొన్న పెట్రోలు జీపు. కొనడానికి మా అక్క మెడలోని గొలుసు తాకట్టు పెట్టారు. సంత రోజున ఆ బండిలో ఎంతమంది ఎక్కేవారో నేను లెక్కపెట్టలేదు గాని, డ్రైవరు సీట్లో సగం మాత్రం బావది కాదు.

ఆ వేసవిలో జీపుకి దాహం పట్టుకుంది. మలుపు మలుపుకీ ఆగడం, రేడియేటరు మూత తీయడం, వెనక వేలాడే కిరసనాయిలు డబ్బాతో వాగునీళ్లు పొయ్యడం. పట్నంలో ఒక వర్కుషాపులో గాస్కెట్ మార్పించాడు. మూడు వారాలు నడిచింది. మళ్లీ మార్పించాడు. ఈసారి రెండు వారాలు. ఆ వర్కుషాపు వాణ్ణి తిట్టని రోజు లేదు. నేను వెళ్లేసరికి బండి వాకిట్లో ఉంది, బావ అరుగు మీద ఉన్నాడు.

“ఏటి బావా, పాత సామాన్లాయన రేపొస్తానన్నాడు. ఇచ్చీమంటావేటి?” అన్నాడు. తలుపు వెనక అక్క వింటోందని ఇద్దరికీ తెలుసు.

“ఒక్కసారి చూడనీ బావా,” అన్నాను. ఆ రోజుల్లో నా దగ్గర స్పానర్లకంటె ధైర్యం ఎక్కువ.

గాస్కెట్ అంటే ఏమిటో తెలియనివారికి రెండు ముక్కలు. ఇంజను కిందభాగం బ్లాకు, పైన మూత హెడ్డు. ఈ రెండింటి నడుమ నలిగిపోయే పల్చని పలకే గాస్కెట్. సిలిండర్లలో మండే వాయువుని, చుట్టూ తిరిగే నీటిని, ఒకదాని జోలికి ఒకటి పోకుండా కాపలా కాస్తుంది. ఆ కాపలాదారు చచ్చిపోతే వాయువు నీళ్లలోకి దూరుతుంది, నీళ్లు సిలిండర్లోకి దూరతాయి, లేదా పక్కపక్క సిలిండర్లు ఒకదాని ఊపిరి ఇంకొకటి పీల్చుకుంటాయి.

ముందు రోగం అదేనా అని చూడాలి గదా. చల్లటి ఇంజనుకి ఫ్యాను బెల్టు తీసేసి, రేడియేటరు అంచుదాకా నీళ్లు నింపి, స్టార్టు చేసి కాస్త రైజు చేశాను. బెల్టు లేదు గనక పంపు తిరగదు, నీళ్లు నిశ్చలంగా ఉండాలి. ఎసరు కాగినట్టు బుడగలు వచ్చాయి. ఒక్క నిమిషంలో ఇంజను ఆపేశాను, అంతకంటె నడపకూడదు. తరవాత ప్లగ్గులు తీసి కంప్రెషన్ గేజి పెట్టాం. ఒకటి, నాలుగు సిలిండర్లు నూరు పౌండ్లు దాటాయి. రెండు, మూడు మాత్రం చెరో నలభై. పక్కపక్కవి రెండూ ఒక్కసారే పడిపోయాయంటే గండి వాటి నడుమనే.

ఆ జీపు సీజే-3బీ. అమెరికాలో 1953లో వచ్చిన మోడలు. అక్కడ 1968లో ఆగిపోయినా, మన మహీంద్రావారు ఆ తరవాత చాలా ఏళ్లు తయారుచేశారు. దాని ఇంజను తమాషా ఏమిటంటే, పెట్రోలు లోపలికొచ్చే వాల్వులు హెడ్డులో, పొగ బయటికిపోయేవి బ్లాకులో. అందుకే ఇంజను పొడుగై, బానెట్టు అంత ఎత్తున పెట్టాల్సి వచ్చింది.

నీళ్లు వదిలేశాం, కార్బురేటరు తీశాం, రాకర్లు తీశాం. పుష్‌రాడ్లని అట్టముక్కకి బెజ్జాలు పొడిచి వరసగా గుచ్చాను, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా. పైన కనిపించే బోల్టులన్నీ విప్పి హెడ్డు ఎత్తబోతే కదల్లేదు. బావ గునపం తెచ్చాడు. “ఉండు బావా!” అని చెయ్యి పట్టుకున్నాను. ఈ ఇంజనులో ఒక బోల్టు దాక్కుని ఉంటుంది. కార్బురేటరు కూర్చునే రంధ్రంలోకి తొంగి చూస్తే తప్ప కనబడదు. బేటరీ దీపంతో చూశాను. ఉంది. స్పానరు వేసి తిప్పితే, మిగతావి కిర్రుమన్నట్టు అది కిర్రుమనలేదు. వేళ్లతో తిప్పినంత సులువుగా వచ్చేసింది.

కొత్త గాస్కెట్ వేశాక, ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారాక, బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. ఆ ఒక్కదాన్ని బిగించాలంటే కార్బురేటరు మళ్లీ విప్పాలి. ఎవరికి ఓపిక? ఆ బోల్టు ఇంజను నడుము దగ్గరిది. గండి పడిందీ ఆ నడుము దగ్గరే.

పాత గాస్కెట్ ముక్కల్ని మేము పొడిగానే గీకి, నోటితో ఊదాం. అప్పటి గాస్కెట్లలో రాగిరేకుల నడుమ ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి కాన్సరు తెస్తుంది. ఇప్పుడు పాత బండి విప్పేవారు ముక్కుకి మాస్కు కట్టుకుని, తడిపి గీకండి, ఊదకండి.

తిన్నని ఉక్కుబద్ద హెడ్డు మీద ఆనించి, సందులో ఫీలర్ గేజి దూర్చాను. రెండు, మూడు సిలిండర్ల నడుమ ఎనిమిది థౌల రేకు జారిపోయింది. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. అంత వంకర మీద బంగారు గాస్కెట్ వేసినా నిలవదు. బ్లాకు మాత్రం తిన్నగానే ఉంది.

ఇక బావకి చెప్పాల్సిన మాట ఒకటి మిగిలింది. మరిగిపోతున్న పోత ఇనుము మీద మలుపు మలుపుకీ చల్లటి వాగునీళ్లు పోస్తే హెడ్డు వంగక ఏం చేస్తుంది? బోల్టు వదులు వర్కుషాపు వాడి పుణ్యం. వంకరలో సగం మటుకు ఆ కిరసనాయిలు డబ్బాది. చెప్పాను. బావ చాలాసేపు మాట్లాడలేదు. తలుపు వెనక గాజుల చప్పుడూ ఆగిపోయింది.

“అయితే వాణ్ణి ఉత్తినే తిట్టీసేనా?” అన్నాడు చివరికి.

“సగం తిట్లు ఉత్తినే,” అన్నాను.

మర్నాడు హెడ్డుని విశాఖపట్నం పంపి సాపు చేయించాం. కొత్త గాస్కెట్ వేసి, నడిమి నుంచి అంచులకి, మూడు విడతలుగా బిగించాను. ఎరువు తెచ్చిన టార్క్‌రెంచితో ఆఖరి బిగింపు 65 ఫుట్‌పౌండ్లు. దాక్కున్న బోల్టు కూడా అంతే. హెడ్డు గీయిస్తే వాల్వుల సందు మారుతుంది గనక అదీ సరిచేశాం: లోపలికొచ్చే వాల్వులకి 18 థౌలు, పొగ వాల్వులకి 16.

ఇంజను వేడిచేసి, ఆపి, చల్లారనిచ్చాం. నేను కార్బురేటరు నట్లమీద చెయ్యి వేసేసరికి బావ లేచి నిలబడ్డాడు.

“మళ్లీ విప్పడమేటి బావా? బాగానే ఉంది గదా!”

“వాళ్లూ ఇలాగే అనుకున్నారు.”

విప్పాం. ఆ బోల్టు పావు చుట్టు తిరిగింది.

పాత సామాన్లాయన వచ్చేసరికి జీపు అరకు వెళ్లిపోయింది. వారం తరవాత బావ తనే కార్బురేటరు విప్పి ఆ బోల్టు ఇంకోసారి చూసుకున్నాడని అక్క ఉత్తరం రాసింది. ఈసారి కదల్లేదట. కిరసనాయిలు డబ్బా తీయించావా అని నేను జవాబు రాశాను. తీయలేదు, నీళ్లకోసం కాదు, అలవాటు చొప్పున వేలాడుతోంది అని రాసింది.