గంగపాలైన డబ్బు



క్రిందటి నెల మన సంఘం సమావేశం ముగిశాక కాఫీలు తాగుతుండగా ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "ఏమండీ, మీరు లెక్కలు తెలిసినవారు, ఒక్క సంగతి చెప్పండి. సముద్రంలోంచి కరెంటు తీస్తామని ప్రభుత్వం ఏళ్ళ తరబడి డబ్బు పోస్తోంది. ఆ కరెంటుతో మీ ఇంట్లో గాని, మా ఇంట్లో గాని ఒక్క బల్బు వెలిగిందా? మన పన్నుల డబ్బంతా గంగపాలే కదా!" అని అడిగారు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. కానీ ఇంటికి వెళ్ళాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఈసారి శీర్షికలో ఆయనకే జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. ఎవరైనా మా బ్యాంకుకు వచ్చి, "అలల మీద కరెంటు తీసే యంత్రం కడతాను, అప్పు ఇవ్వండి" అంటే నేను ఇవ్వను. నాలాంటి ఏ అధికారీ ఇవ్వడు. మేము చూసేది తాకట్టు, మార్జిను, ఏ నెల నుంచి వాయిదాలు మొదలవుతాయన్నది. సముద్రంలో దించిన యంత్రం తాకట్టుగా ఎందుకు పనికొస్తుంది? ఉప్పునీరు ఇనుమును తింటుంది. నాచు, గుల్లలు పట్టేస్తాయి. ఏడాదిలో మూడు వందల అరవై రోజులు మామూలు అలలతో సంపాదించాలి, కానీ తుపాను వచ్చే ఆ నాలుగైదు రోజులను తట్టుకునేంత బలంగా కట్టాలి. సంపాదన మామూలు రోజుది, ఖర్చు తుపాను రోజుది. ఈ లెక్క ఏ బ్యాలెన్సు షీటులోనూ కుదరదు.

సొంత డబ్బుతో ప్రయత్నించినవారు లేకపోలేదు. నియాన్ దీపాలతో పేరూ డబ్బూ సంపాదించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జి క్లోడ్ ఆ డబ్బు తీసుకుని 1930లో క్యూబాలోని మతాంజాస్ తీరాన ఒక ప్రయోగం చేశాడు. సముద్రం పైన నీరు వెచ్చగా ఉంటుంది, లోతున చల్లగా ఉంటుంది గదా, ఆ తేడాతో కరెంటు తీయవచ్చునని అతని నమ్మకం. 22 కిలోవాట్లు తీసి చూపించాడు కూడా. కానీ లోతుల్లోంచి చన్నీళ్ళు తెచ్చే గొట్టాన్ని సముద్రం నిలవనివ్వలేదు. ఒక మనిషి సంపాదన ఎంతటిదైనా సముద్రం ముందు చెంబుడు నీళ్ళే. బ్యాంకు ఇవ్వదు, వ్యక్తి తట్టుకోలేడు. ఇక మిగిలేది ప్రభుత్వం. పెద్దాయన ప్రశ్నకు జవాబులో ఇది మొదటి భాగం.

ఇప్పుడు మన ప్రభుత్వం ఏం చేసిందో చూద్దాం. 1981లో కేంద్రంలో సముద్రాభివృద్ధి శాఖ ఏర్పడింది. ఆ శాఖ సొమ్ముతో మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు అలల మీద పరిశోధన మొదలుపెట్టారు. దాని ఫలితంగా 1991లో కేరళలో, తిరువనంతపురం దగ్గర విళింజం రేవులో 150 కిలోవాట్ల కేంద్రం నిలబడింది. అడుగున తెరిచి ఉన్న పెద్ద కాంక్రీటు గది అది. అల లోపలికి వచ్చినప్పుడు గదిలోని గాలిని పైకి నెడుతుంది, వెనక్కు పోయినప్పుడు లాగుతుంది. కొలిమి తిత్తి ఊదినట్లన్నమాట. ఆ గాలి ఎటు వీచినా టర్బైను ఒకే వైపు తిరుగుతుంది. తీసిన కరెంటును రాష్ట్ర విద్యుత్తు లైనుకు కలిపారు. ఆ తరువాత అదే కేంద్రంలోని కరెంటుతో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్రయోగం కూడా చేశారు. కానీ మన తీరంలో అలల బలం సగటున మీటరుకు 5 నుంచి 10 కిలోవాట్లు మాత్రమే. స్కాట్లండు తీరంలో దీనికి ఎన్నో రెట్లు. అంచేత విళింజం మనకు పాఠం నేర్పింది గాని, వ్యాపారం కాలేదు. కొన్నాళ్ళకు దాన్ని ఆపేశారు.

1993లో చెన్నైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఏర్పడింది. ఇంగ్లీషు పొడి అక్షరాలలో ఎన్.ఐ.ఒ.టి. అంటారు. క్లోడ్ మొదలుపెట్టిన పనిని ఈ సంస్థ చేతిలోకి తీసుకుంది. జపానులోని సాగా విశ్వవిద్యాలయం సహకారంతో, తూత్తుకుడి తీరానికి దూరంగా "సాగర్ శక్తి" అనే బార్జి మీద 1 మెగావాటు కేంద్రం పెట్టాలని సంకల్పించింది. పైనున్న వెచ్చని నీటి వేడికి అమ్మోనియా ఆవిరవుతుంది, ఆ ఆవిరి టర్బైనును తిప్పుతుంది, లోతునుంచి తెచ్చిన చన్నీళ్ళు దాన్ని మళ్ళీ ద్రవం చేస్తాయి. కాగితం మీద చక్కని పథకం. కానీ ఆ చన్నీళ్ళ కోసం దాదాపు ఒక కిలోమీటరు పొడవున్న ప్లాస్టిక్ గొట్టాన్ని నడిసముద్రంలో నిలువునా దించాలి. 2000 తరువాతి మొదటి సంవత్సరాలలో రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ గొట్టం సముద్రం పాలయింది. కేంద్రం నడవనే లేదు.

పెద్దాయన ఇక్కడే ఆగిపోయారు. పత్రికలవారూ చాలామంది ఇక్కడే ఆగిపోయారు. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది మొండి బకాయి, రాని పద్దులో రాసేయడమే. కానీ ఖాతా పుస్తకంలో తరువాతి పేజీ ఒకటి ఉంది.

లక్షద్వీపాల పేరు విన్నారు గదా. నాలుగు దిక్కులా నీళ్ళే, తాగడానికి మాత్రం కొరవ. ఆ పగడపు దీవుల్లో నదులు లేవు. ఇసుక కింద వాననీరు పలుచని పొరగా నిలుస్తుంది. ఎక్కువగా తోడితే కింద ఉన్న ఉప్పునీరు పైకి వస్తుంది. బావుల నీరు ఉప్పబారిపోతుంది. ఆ నీళ్ళే తాగుతూ, ఆ నీళ్ళతోనే వంట చేసుకుంటూ కొన్ని తరాలు గడిచిపోయాయి.

ఎన్.ఐ.ఒ.టి. ఇంజనీర్లు అక్కడ వేరే ఆలోచన చేశారు. కొడైకెనాలులోనో ఊటీలోనో కాపురమున్న ఇల్లాళ్ళకు తెలుసు, అక్కడ పప్పు ఒక పట్టాన ఉడకదు. ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ గనుక నీళ్ళు త్వరగా మరుగుతాయి గాని, అంత వేడెక్కవు. ఆ ఒత్తిడిని ఇంకా ఇంకా తగ్గిస్తూ పోతే, మామూలు 28 డిగ్రీల సముద్రపు నీరు కూడా పొయ్యి లేకుండానే ఆవిరి అవుతుంది. ఆ ఆవిరిని, సుమారు 350 మీటర్ల లోతు నుంచి తెచ్చిన చన్నీళ్ళు పారే గొట్టాలకు తగలనిస్తే, మంచినీరై కారుతుంది. ఉప్పు వెనకే ఉండిపోతుంది. బొగ్గు లేదు, మందులు లేవు, వడపోత పొరలు లేవు.

అయితే దీనికీ లోతుల్లోంచి చన్నీళ్ళు తెచ్చే గొట్టం కావాలి. రెండు గొట్టాలు పోగొట్టుకున్న చోట నేర్చుకున్న పాఠం ఇక్కడ పనికి వచ్చింది. ఆ దీవుల పక్కన సముద్రం ఒక్కసారిగా లోతవుతుంది గనుక గొట్టం పొడవూ తగ్గింది, కేంద్రాన్ని ఒడ్డునే కట్టే వీలూ కలిగింది. 2005లో కవరత్తి దీవిలో రోజుకు 1 లక్ష లీటర్ల మంచినీరిచ్చే కేంద్రం మొదలయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం కవరత్తిలో ఉన్నది పదకొండు వేల పైచిలుకు మంది. భాగించి చూడండి, మనిషికి రోజుకు సుమారు 9 లీటర్లు. తాగడానికి, వంటకు సరిపోయే నీరు. 2011లో అగత్తి, మినికాయ్ దీవులకూ ఇటువంటి కేంద్రాలు వచ్చాయి. ఆపైన మరికొన్ని దీవులకు పెద్దవి కట్టడం మొదలుపెట్టారు. కద్మత్ దీవిలో రోజుకు లక్షన్నర లీటర్ల కేంద్రాన్ని 2024 జనవరిలో ప్రధానమంత్రి ప్రారంభించారు.

ఇప్పుడు చెప్పండి, తూత్తుకుడి దగ్గర పోయిన డబ్బును ఏ పద్దులో రాయాలి? కరెంటు ఖాతాలో చూస్తే నష్టం. నీళ్ళ ఖాతాలో చూస్తే పెట్టుబడి. బ్యాంకులో ఒక ఖాతా నష్టాన్ని ఇంకో ఖాతా లాభంలో చూపిస్తే ఆడిటరు ఊరుకోడు. దేశం లెక్క వేరు. పరిశోధనలో లాభం అనుకున్న చోటే రావాలని లేదు. క్షీరసాగరం చిలికినవారికి మొదట వచ్చింది అమృతం కాదు, హాలాహలం. అక్కడితో కవ్వం పారేసి ఉంటే కథ అక్కడితోనే ముగిసేది.

అలాగని ప్రభుత్వం ఎంత పోసినా సరే అనడం నా ఉద్దేశం కాదు. పరిశోధన వేరు, కొనుగోలు వేరు. సుందరవనాలలోని దుర్గాదువానీ కాలువలో ఆటుపోట్ల మీద 3.75 మెగావాట్ల కేంద్రం కట్టాలనుకున్నారు. అంచనా 238 కోట్ల రూపాయలకు చేరింది. అంటే మెగావాటుకు 63 కోట్ల పైమాటే. దాన్ని మానుకున్నారు, మంచి పనే చేశారు. తెలుసుకోవడానికి పెట్టే ఖర్చుకు ఓర్పు ఉండాలి. కట్టి అమ్మడానికి పెట్టే ఖర్చుకు గీటురాయి ఉండాలి. రెంటినీ కలగలిపితేనే డబ్బు నిజంగా గంగపాలవుతుంది.

ఓర్పు లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ కథ చెబుతుంది. 1973 చమురు సంక్షోభం తరువాత ఎడింబరో విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ సాల్టర్ అనే ఆచార్యుడు అలల మీద బాతులా ఊగే యంత్రాన్ని రూపొందించాడు. 1976లో ప్రభుత్వం అలల శక్తి కోసం పెద్ద కార్యక్రమం పెట్టింది. 1982 వచ్చేసరికి దాదాపుగా చుట్టేసింది. మళ్ళీ మేలుకుని 2003లో స్కాట్లండుకు ఉత్తరాన ఓర్క్‌నీ దీవుల్లో ప్రభుత్వ సొమ్ముతో యంత్రాలను పరీక్షించే కేంద్రం పెట్టారు. మధ్యలో పోయినవి ఇరవై ఏళ్ళు. రికరింగు డిపాజిట్టు నడుమ ఆపేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టినట్లయింది.

అయితే స్కాట్లండు నుంచి నేర్చుకోవలసిన మంచి కూడా ఉంది. అక్కడ పెలామిస్ అనే కంపెనీ పాములాంటి అలల యంత్రం చేసి 2014లో చితికిపోయింది. అప్పుడు స్కాట్లండు ప్రభుత్వం వేవ్ ఎనర్జీ స్కాట్లండ్ అనే సంస్థను పెట్టి, ఆ కంపెనీ పోగుచేసిన పరిజ్ఞానాన్ని కొని భద్రపరిచింది. దుకాణం మూతబడినా చిట్టా పుస్తకాలు చెదలు పట్టనివ్వలేదన్నమాట. పైగా ఆ సంస్థ డబ్బు ఒక్కసారే ఇవ్వదు. మొదటి మెట్టులో చాలామందికి కొద్దికొద్దిగా ఇస్తుంది. పరీక్షలో నిలిచిన కొద్దిమందికే తరువాతి మెట్టులో ఎక్కువ ఇస్తుంది. ఇల్లు కట్టేవారికి పునాది చూసి ఒక విడత, స్లాబు చూసి ఒక విడత మేము ఇస్తాం చూడండి, అలాగే. ఆటుపోట్ల ప్రవాహం సంగతిలో ఆ ఓర్పు ఫలించింది. 2022లో బ్రిటన్ ప్రభుత్వం జరిపిన వేలంలో సుమారు 40 మెగావాట్లకు ఒప్పందాలు కుదిరాయి.

మన దేశంలోనూ పని ఆగలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం అలలు, ఆటుపోట్లు, సముద్రపు వేడి నుంచి వచ్చే విద్యుత్తును పునరుత్పాదక విద్యుత్తుగా గుర్తించింది. 2021లో ఆమోదించిన 4,077 కోట్ల రూపాయల డీప్ ఓషన్ మిషన్‌లో సముద్రం నుంచి శక్తి, మంచినీరు తీయడం ఒక భాగం. ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. కవరత్తి నీటి కేంద్రంలో పంపులు తిరగడానికి ఇంతకాలం దీవిలోని డీజిలు కరెంటే ఆధారం. అంచేత ఎన్.ఐ.ఒ.టి. అక్కడే సముద్రపు వేడి తేడాతో 65 కిలోవాట్ల కరెంటు తీసి, దానితోనే రోజుకు లక్ష లీటర్ల నీరిచ్చే కేంద్రాన్ని కట్టే పని చేపట్టింది. తూత్తుకుడి దగ్గర మునిగిన ఆలోచన కవరత్తిలో తిరిగి తేలుతోందన్నమాట.

నాకు ఒక్కటే కోరిక. ఇటువంటి పనుల్లో ఓటమి వచ్చినప్పుడు అది ఎందుకు వచ్చింది, ఎంత పోయింది, ఏం నేర్చుకున్నాం అని ప్రభుత్వం మామూలు భాషలో, అన్ని భాషల్లో, జనానికి చెప్పాలి. లెక్క చూపించినవాడికి మరోసారి అప్పు పుడుతుంది. దాచినవాడికి పుట్టదు. పన్ను కట్టే మనం ఓపిక పట్టాలంటే మనకూ పాసుపుస్తకం చూపించాలి గదా!

పెద్దాయనకు నా జవాబు ఇదీ. అయ్యా, మన ఇళ్ళల్లో బల్బు వెలగని మాట నిజమే. కానీ కవరత్తిలో ఒక తల్లి ఇవాళ ఉప్పు లేని నీళ్ళతో బిడ్డకు అన్నం వండింది. మన డబ్బు గంగపాలయింది, ఒప్పుకుంటాను. ఆ గంగే ఆమె బిందెలోకి వచ్చింది.

వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకుందాం.