కదలించువాడు – కనికరించువాడు



"ఈ విశ్వమును మొదట కదిలించినదెవరు?" అని యౌవనస్థుల కూటములలో మమ్మును తరచుగా అడుగుతారు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. క్రీ.పూ. 384లో జన్మించి ఏథెన్సులో బోధించిన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ దీనిని లోతుగా విచారించాడు.

మన్ను, నీరు క్రిందికి, గాలి, అగ్ని పైకి పోవుట వాటి స్వభావమన్నాడు. భూమి మధ్యన కదలక యున్నదనీ, నక్షత్రములు నాశనములేని ఐదవ పదార్థముతో ఏర్పడి నిత్యము గుండ్రముగా తిరుగుతాయనీ చెప్పాడు. కదిలే ప్రతిదానిని మరొకటి కదిలించాలి; ఆ వరుసకు అంతుండాలి గనుక, తాను కదలక సమస్తమును కదిలించే ఆదికారణము ఉండాలన్నాడు. 13వ శతాబ్దములో థామస్ అక్వినాస్ దేవుడున్నాడని చూపుటకు ఈ వాదమునే ముందుంచాడు.

అయితే ఒకటి గమనించాలి. అరిస్టాటిల్ చెప్పిన ఆదికారణము లోకమును సృజించలేదు. అతని దృష్టిలో లోకమునకు ఆరంభమే లేదు. అది తన్ను గూర్చి తానే తలంచుకొనును. లోకమంతా దానిని ఆశించి కదులుతుంది గాని, అది ఎవరినీ ప్రేమించదు. బిడ్డ జ్వరముతో మూలిగే రాత్రి ఏ తల్లి దానికి మొరపెట్టగలదు? అరిస్టాటిల్ మరణించిన సుమారు 370 ఏండ్లకు అదే ఏథెన్సులో, అరేయొపగు మధ్య నిలిచి పౌలు ప్రకటించిన దేవుడు సృష్టికర్త, మనకు సమీపముగా ఉన్నవాడు (అపొ. కా. 17).

మరొక సంగతి. విసిరిన రాయిని గాలి నెట్టుతుందనీ, బరువును బట్టి పడే వేగము పెరుగుతుందనీ అరిస్టాటిల్ అన్నాడు. 6వ శతాబ్దములో అలెక్సాండ్రియకు చెందిన క్రైస్తవ పండితుడు యోహాను ఫిలోపోనస్ దీనిని ఒప్పుకోలేదు. రాయిని నడిపేది చేయి ఇచ్చిన శక్తియే అన్నాడు. బరువులో ఎంతో తేడా ఉన్న రెండింటిని ఒకే ఎత్తునుండి విడిస్తే, పడే సమయములో భేదము స్వల్పమేనని చూపించాడు. అయినను తరువాతి తరములు అరిస్టాటిల్ విశ్వమునే లేఖన సత్యమువలె పట్టుకొన్నాయి. భూమి తిరుగుతుందన్న గెలీలియోను 1633లో రోములో విచారించి గృహనిర్బంధములో ఉంచారు. ఆ పొరపాటును రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో ఒప్పుకొన్నారు.

విశ్వాసమును ఒక కాలపు సిద్ధాంతమునకు ముడివేస్తే, ఆ సిద్ధాంతము కూలిన దినమున విశ్వాసమే కూలినట్లు మన పిల్లలకు కనబడుతుంది. కనుక తల్లిదండ్రులారా, మీ బిడ్డ సైన్సు పుస్తకము తెచ్చి ప్రశ్న అడిగితే గద్దించకండి. ప్రక్కన కూర్చుండబెట్టుకొని వినండి. సత్యమును వెదకే బిడ్డను చూచి దేవుడు భయపడడు, మనమెందుకు భయపడాలి?